ఎమర్జెన్సీ నర్స్ ప్రాక్టీషనర్ శిక్షణ: హైదరాబాద్ నర్సులు తరచుగా అడిగే ప్రశ్నలు

బీఎస్సీ నర్సింగ్ పూర్తి చేసి ఒకటి రెండేళ్లు డ్యూటీ చేసిన పిల్లలు నన్ను అడిగే ప్రశ్నలివి. ఎక్కువగా నైట్ డ్యూటీ దిగాక, ఆస్పత్రి గేటు ముందు టీ తాగుతున్నప్పుడు అడుగుతారు. ఇరవై ఏళ్లకు పైగా క్యాజువాలిటీలో పనిచేశాను, ఇప్పుడు కొత్తవాళ్లకు నేర్పుతున్నాను. అప్పుడు వాళ్లకు నోటితో చెప్పిన జవాబులనే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

నర్స్ ప్రాక్టీషనర్ అంటే సీనియర్ స్టాఫ్ నర్సేనా?

కాదు. అనుభవమున్న స్టాఫ్ నర్సు రోగి పరిస్థితి దిగజారుతోందని అందరికంటే ముందు పసిగడతారు, డాక్టర్‌ని పిలుస్తారు, చెప్పిన చికిత్స చేస్తారు. నర్స్ ప్రాక్టీషనర్ తానే రోగిని తల నుంచి పాదం దాకా పరీక్షిస్తారు. జబ్బు ఏమై ఉండవచ్చో ఆలోచిస్తారు, ఏ పరీక్షలు కావాలో తేలుస్తారు, తనకు అనుమతి ఉన్నంత మేరకు చికిత్స మొదలుపెడతారు. ఇది సర్వీసు పెరిగితే దానంతట అదే వచ్చేది కాదు, దానికి తగిన పైచదువు కావాలి. 1965లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి ఈ శిక్షణకు శ్రీకారం చుట్టారు. మొదట అది పిల్లల ఆరోగ్యం కోసం పెట్టింది. ఎమర్జెన్సీ విభాగాల్లోకి తర్వాత వచ్చింది.

మన దేశంలో ‘ఎమర్జెన్సీ నర్స్ ప్రాక్టీషనర్’ అనే పీజీ ఉందా?

సరిగ్గా ఆ పేరుతో వెతికితే నిరాశపడతారు. భారత నర్సింగ్ మండలి రూపొందించిన వాటిలో దీనికి బాగా దగ్గరగా ఉన్నవి రెండు. మొదటిది ‘నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్’. ఇది రెండేళ్ల పీజీ రెసిడెన్సీ, అంటే ఆస్పత్రిలో పనిచేస్తూ చదివేది. రెండోది ‘ఎమర్జెన్సీ అండ్ డిజాస్టర్ నర్సింగ్’లో పోస్ట్ బేసిక్ డిప్లొమా, ఏడాది కోర్సు. మొదటిదానిలో నర్స్ ప్రాక్టీషనర్ చదువు ఉంటుంది కానీ బరువంతా ఐసీయూ మీద ఉంటుంది. రెండోది పూర్తిగా ఎమర్జెన్సీయే, కానీ పీజీ డిగ్రీ కాదు.

ఎవరైనా కొన్ని వారాల కోర్సు చేయించి ‘ఎమర్జెన్సీ నర్స్ ప్రాక్టీషనర్’ అని సర్టిఫికెట్ ఇస్తామంటే, ఫీజు కట్టే ముందు ఒక్క మాట అడగండి: దీన్ని తెలంగాణ నర్సింగ్ కౌన్సిల్‌లో అదనపు అర్హతగా నమోదు చేసుకోవచ్చా? జవాబు తిన్నగా రాకపోతే బయటికి వచ్చేయండి. ఇంట్లో బంగారం తాకట్టు పెట్టి ఇలాంటి ఫీజులు కట్టిన అమ్మాయిలను చూశాను. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం 2023లో వచ్చింది. అందువల్ల నిబంధనలు మారుతూ ఉండవచ్చు. చేరే సంవత్సరంలో తాజా నోటిఫికేషన్ స్వయంగా చదువుకోండి, సీనియర్లు చెప్పిన పాత మాట మీద ఆధారపడకండి. నాతో సహా.

అర్హతలేమిటి?

క్రిటికల్ కేర్ ప్రాక్టీషనర్ కోర్సుకు బీఎస్సీ నర్సింగ్ లేదా పోస్ట్ బేసిక్ బీఎస్సీ, అందులో 55 శాతం మార్కులు, కౌన్సిల్ రిజిస్ట్రేషన్, కనీసం ఏడాది క్లినికల్ అనుభవం ఉండాలి. ఆ అనుభవం క్రిటికల్ కేర్‌లో అయితే మేలు. డిప్లొమాకు జీఎన్ఎం (బీఎస్సీ కాని, నర్సింగ్ డిప్లొమా) చేసినవాళ్లూ అర్హులే, వాళ్లకూ ఏడాది అనుభవం ఉండాలి.

జీఎన్ఎం చేసినవాళ్లకు ప్రాక్టీషనర్ దాకా దారి ఉందా?

ఉంది, కాస్త పొడవు అంతే. పోస్ట్ బేసిక్ బీఎస్సీ రెండేళ్లు చేసి, ఆ తర్వాత పీజీకి వెళ్లాలి. వయసు దాటిపోయిందని దిగులు పడకండి. పదేళ్లు వార్డులో నలిగిన జీఎన్ఎం సిస్టర్ చేయి పడితే దొరకని నరం ఉండదు. ఆ చేతికి చదువు తోడైతే ఎలా ఉంటుందో నేను కళ్లారా చూశాను.

ఎమ్మెస్సీ నర్సింగ్ చేస్తే సరిపోదా?

మీకు ఏం కావాలో దాన్ని బట్టి ఉంటుంది. ఎమ్మెస్సీ చేసినవాళ్లలో ఎక్కువమంది చివరికి కాలేజీల్లో పాఠం చెప్పడానికి వెళ్తారు. అది గొప్ప పనే, వాళ్లు లేకపోతే మేమెవరం లేము. కానీ రోగి మంచం పక్కనే ఉండాలని కోరుకునేవాళ్లకు ప్రాక్టీషనర్ కోర్సు సరైనది. అందులో సుమారు 20 శాతం క్లాసు, 80 శాతం క్లినికల్. ఆస్పత్రిలో పనిచేస్తూనే చదవాలి.

ఆ క్లాసుల్లో మూడు సబ్జెక్టులకు ప్రాణం పెట్టండి: అడ్వాన్స్‌డ్ పాథోఫిజియాలజీ, ఫార్మకాలజీ, హెల్త్ అసెస్‌మెంట్. జబ్బు ఒంట్లో ఏం చేస్తుంది, మందు ఏం చేస్తుంది, నా కళ్లూ చేతులూ చెవులూ ఏం చెబుతున్నాయి. అమెరికాలో నర్స్ ప్రాక్టీషనర్ చదువుకూ పునాది ఈ మూడే.

ఇంతకీ ఏం నేర్పుతారు? మేం రోజూ చేసే పనే కదా?

ఈ ప్రశ్నకు జవాబు పెద్దది.

మొదట వర్గీకరణ, అంటే ట్రయాజ్. తలుపు దగ్గర నిలబడి ఎవరు ఎరుపు (వెంటనే చూడాల్సినవాళ్లు), ఎవరు పసుపు (కాస్త ఆగగలిగినవాళ్లు), ఎవరు ఆకుపచ్చ (వేచి ఉండగలిగినవాళ్లు) అని తేల్చడం. గట్టిగా అరుస్తున్న మనిషి ఊపిరి తీసుకుంటున్నాడు, మాట్లాడగలుగుతున్నాడు. మూలన కుర్చీలో చెమటలు కక్కుతూ మౌనంగా కూర్చున్న పెద్దాయన ఎరుపు కావచ్చు. అది ఒక చూపులో పట్టుకోవాలి. అటెండర్లు పదిమంది మీద పడి “సిస్టర్, జర జల్ది చూడుండ్రి” అంటుంటే కూడా తప్పు మంచం దగ్గరికి పరుగెత్తకుండా ఉండటం నేర్చుకోవాలి. ఇది పుస్తకంలో ఒక పేజీ. చేతికి రావడానికి ఏడాది పడుతుంది.

తర్వాత ఛాతీ నొప్పి. మన దగ్గర గుండెపోటుకు మారుపేరు ‘గ్యాస్’. సోడా తాగి, ఈనో తాగి, రెండు గంటలు మంచంలో దొర్లి అప్పుడొస్తారు. షుగర్ ఉన్నవాళ్లకైతే నొప్పే ఉండకపోవచ్చు, ఆయాసం, నీరసం, వాంతి మాత్రమే చెబుతారు. వచ్చిన పది నిమిషాల్లో ఈసీజీ తీయాలన్నది నియమం. తీయడం టెక్నీషియన్ కూడా చేస్తాడు. చదవడం మీకు రావాలి. గుండె కింది భాగంలో దెబ్బ కనిపిస్తే కుడివైపు లీడ్లు (ఈసీజీ తీగలు) కూడా పెట్టి చూడాలి. కుడి జఠరిక దెబ్బతిన్న మనిషికి అలవాటు కొద్దీ నాలుక కింద సార్బిట్రేట్ (రక్తనాళాలను వదులుచేసే మాత్ర) పెడితే బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. డ్యూటీ డాక్టర్ ఇంకో మంచం దగ్గర ఉన్నప్పుడు “సార్, ముందు కుడి లీడ్లు చూద్దాం” అని చెప్పగలిగే నర్సును తయారుచేయడమే ఈ శిక్షణ.

పక్షవాతం వస్తే మొదటి పని షుగర్ చూడటం. షుగర్ పడిపోయినా అచ్చం పక్షవాతంలాగే కనిపిస్తుంది. రెండోది ఒక ప్రశ్న, “ఈయన్ని ఆఖరిసారి మామూలుగా ఎప్పుడు చూశారు?” “ఎప్పుడు మొదలైంది?” అని అడగకండి. “పొద్దున లేచేసరికి” అంటారు. రాత్రి పది గంటలకు బాగా మాట్లాడి పడుకుంటే, లెక్క పది నుంచే. గడ్డను కరిగించే ఇంజక్షన్‌కు మామూలుగా ఉన్న గడువు నాలుగున్నర గంటలు. మీరు అడిగే ఆ ఒక్క ప్రశ్న మీద ఆ మనిషి కుడిచేయి ఆధారపడి ఉంటుంది.

ఇక విదేశీ పుస్తకాల్లో నాలుగు లైన్లు ఉండి, మన క్యాజువాలిటీలో మాత్రం ప్రతి వారం ఎదురయ్యేవి. పురుగుల మందు తాగినవాళ్లు. చుట్టుపక్కల జిల్లాల నుంచి హైదరాబాద్‌కు తీసుకొస్తారు. కనుపాప సూదిమొనంత అయిపోయి, నోట్లో నురగ, ఒళ్లంతా చెమట ఉంటే ఆర్గానోఫాస్ఫేట్ రకం పురుగుల మందు అనుకోవాలి. బట్టలు తీసేయాలి, ఒళ్లు సబ్బుతో కడగాలి, మీరు గ్లవ్స్ లేకుండా ముట్టుకోకూడదు. దీనికి విరుగుడైన అట్రోపిన్ మోతాదు ఐదు నిమిషాలకోసారి రెట్టింపు చేస్తూ పోతాం, ఊపిరితిత్తుల్లో గురగుర పోయేదాకా. ఎప్పుడు ఆపాలో చెప్పేది మీ స్టెతస్కోపే. కనుపాప ఒక్కటే చూసి నిర్ణయిస్తే పొరపాటు. అదే గడ్డిమందు పారాక్వాట్ అయితే కథ పూర్తిగా వేరు. దానికి విరుగుడు లేదు. పైగా ఆక్సిజన్ ఊపిరితిత్తుల దెబ్బను పెంచుతుంది, కాబట్టి వచ్చిన వెంటనే అలవాటుగా మాస్కు తగిలించకూడదు. అందుకే డబ్బా తెమ్మని ఇంటివాళ్లను పంపించాలి, కనీసం ఫోన్‌లో దాని ఫొటో తెప్పించాలి.

పాముకాటు. వానాకాలంలో తెల్లవారుజామున ఒక కుర్రాడు కడుపునొప్పి అని వస్తాడు. కాటు గుర్తు ఉండదు, వాపు ఉండదు. “రాత్రి ఎక్కడ పడుకున్నావు నాయనా?” అని అడిగితే “కింద, చాప మీద” అంటాడు. వెంటనే కనురెప్పలు చూడాలి. రెప్పలు వాలుతుంటే కట్లపాము. పింజర కాటైతే రక్తం గడ్డకట్టదు. దానికి ఇరవై నిమిషాల పరీక్ష ఉంది: రెండు మిల్లీలీటర్ల రక్తం శుభ్రమైన పొడి గాజు గొట్టంలో తీసి, ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి, వంచి చూడటం. గాజుదే కావాలి, ప్లాస్టిక్ పనికిరాదు. సర్ఫ్‌తో కడిగిన గొట్టం కూడా పనికిరాదు, ఫలితం తప్పుతుంది. ఇంత చిన్న విషయం తెలియక మంచి ఆస్పత్రుల్లోనూ గంటలు వృథా కావడం చూశాను. మీ విభాగంలో గాజు గొట్టాలు ఎక్కడ ఉన్నాయో ఈ రోజే చూసి పెట్టుకోండి.

వీటికి తోడు శ్వాసమార్గం, వెంటిలేటర్, ప్రమాద గాయాలు, వడదెబ్బ, కాలిన గాయాలు, పిల్లలకు బరువును బట్టి మోతాదు లెక్కలు, ఒకేసారి యాభై మంది వచ్చి పడితే విభాగాన్ని నడపడం. డిజాస్టర్ నర్సింగ్ అన్న పేరు దానికోసమే.

ఐసీయూలో ఐదేళ్లు చేశాను. ఎమర్జెన్సీ నాకు సులువే కదా?

యంత్రాలు, మందులు సులువే. కష్టం వేరే చోట ఉంది. ఐసీయూకి రోగి ఒక పేరుతో, ఒక జబ్బుతో, ఒక ఫైలుతో వస్తాడు. క్యాజువాలిటీకి ఏమీ లేకుండా వస్తాడు. ఒక్కోసారి పేరు కూడా ఉండదు, ‘గుర్తు తెలియని పురుషుడు’ అని రాసుకుంటాం. ఐసీయూ సిస్టర్లు మొదటి నెలలో ఎమర్జెన్సీలో ఎందుకు ఉక్కిరిబిక్కిరి అవుతారంటే, సగం సమాచారంతో నిర్ణయం తీసుకోవడం వాళ్లకు అలవాటు ఉండదు. మూడో నెలకు సర్దుకుంటారు.

బీఎల్ఎస్, ఏసీఎల్ఎస్ కార్డులు ఉంటే చాలదా?

గుండె ఆగినప్పుడు ప్రాణం నిలబెట్టే ప్రాథమిక, పైస్థాయి శిక్షణ కార్డులు అవి, ఉండాల్సిందే. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, కనీసం ఐదు సెంటీమీటర్ల లోతు, మధ్యలో ఆగకుండా ఛాతీ నొక్కడం రాని నర్సు ఇంకేం నేర్చినా లాభం లేదు. కానీ కార్డు రెండేళ్లకే చెల్లుతుంది, చేతి అలవాటు అంతకంటే ముందే పోతుంది. బొమ్మ మీద రెండు రోజులు నేర్చుకున్నది, నేల మీద పడిపోయిన మనిషి దగ్గర, పక్కన భార్య ఏడుస్తుండగా చేయడం ఒకటి కాదు. కార్డును గేట్‌పాస్‌లా చూడండి.

మందులు నేనే రాయవచ్చా?

డాక్టరులాగా సొంతంగా ప్రిస్క్రిప్షన్ రాసి ప్రాక్టీసు పెట్టుకోవడం మన దగ్గర కుదరదు. ఆస్పత్రి రాతపూర్వకంగా ఆమోదించిన ప్రోటోకాల్, స్టాండింగ్ ఆర్డర్ల (ముందే రాసిపెట్టిన చికిత్స ఆదేశాల) ప్రకారం మందు మొదలుపెట్టవచ్చు. ఇక్కడ ‘రాతపూర్వకంగా’ అన్న మాట కింద గీత గీసుకోండి. “అమ్మా, నువ్వు ఇచ్చెయ్యి, నేను తర్వాత సంతకం పెడతా” అన్న నోటిమాట మీద పనిచేసి, ఏదైనా జరిగినప్పుడు ఒంటరిగా నిలబడిన సిస్టర్ ఒకరు నాకు తెలుసు. తప్పు ఆమెది కాదు. కాగితం లేదు, అంతే. చేరిన మొదటి వారంలోనే స్టాండింగ్ ఆర్డర్ల ఫైలు అడిగి చదవండి. లేకపోతే పెట్టమని మర్యాదగా, పట్టు వదలకుండా అడగండి.

మెడికో లీగల్ (పోలీసులకు తెలియజేయాల్సిన) కేసులంటే భయం. అవి కూడా చూడాలా?

చూడాలి. భయం పోవాలంటే చట్టం కొంచెం తెలియాలి. పరమానంద్ కటారా కేసులో 1989లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది: ముందు ప్రాణం, పోలీసు ప్రక్రియ తర్వాత. యాక్సిడెంట్ కేసును ‘పోలీసులు వచ్చాకే ముట్టుకుంటాం’ అని ఆపడానికి వీల్లేదు. గాయపడిన మనిషిని తెచ్చిన దారినపోయేవాళ్లకు కూడా మోటారు వాహనాల చట్టం 2019 సవరణతో రక్షణ ఉంది. పేరు చెప్పమని వాళ్లను బలవంతపెట్టకూడదు. మీ వంతు పని: సమయాలు సరిగ్గా రాయడం, కత్తిరించిన బట్టలు పారేయకుండా దాచడం, కత్తిపోటు చిరుగు మీదుగా బట్ట కత్తిరించకపోవడం, రోగి చెప్పిన మాటను ఆయన మాటల్లోనే రాయడం. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల మీద లైంగిక దాడి అని అనుమానం వస్తే పోక్సో చట్టం ప్రకారం సమాచారం ఇవ్వడం తప్పనిసరి. అది మీ ఇష్టానికి వదిలిన విషయం కాదు.

హైదరాబాద్‌లో నేర్చుకోవడం వల్ల ప్రత్యేకంగా లాభమేమిటి?

కేసులు. ఇంత వైవిధ్యం తక్కువ చోట్ల దొరుకుతుంది. ఉస్మానియా, గాంధీలో రద్దీ, నిమ్స్‌లో క్లిష్టమైన కేసులు, నిలోఫర్‌లో పసిపిల్లలు, కార్పొరేట్ ఆస్పత్రుల్లో యంత్రాలు. 108 సేవ మొదలైంది కూడా ఈ నగరం నుంచే, 2005 ఆగస్టు 15న. ఆ అంబులెన్స్‌లో వచ్చే టెక్నీషియన్ రోగిని అప్పగిస్తూ చెప్పే హ్యాండోవర్‌ను నిలబడి పూర్తిగా వినండి. ఆ అరనిమిషంలో దొరికే సమాచారం తర్వాత ఎక్కడా దొరకదు.

ఇంకో మాట, ఇది నాకెంతో ఇష్టమైన విషయం. నిజాం కాలంలో, 1888, 1889లలో, మత్తుమందు ప్రాణం ఎలా తీస్తుందో తేల్చడానికి డాక్టర్ ఎడ్వర్డ్ లారీ చొరవతో హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్లు పనిచేశాయి. ‘నాడి కాదు, ఊపిరిని కనిపెట్టు’ అన్నది ఆయన వాదన. నాడిని వదిలేయమనడం సరికాదని తర్వాత తేలింది. కానీ ఊపిరిని కనిపెట్టమన్న సగం మాత్రం నేను ఈనాటికీ పిల్లలకు చెబుతాను. మనలో చాలామంది చార్టులో శ్వాసల సంఖ్య లెక్కపెట్టకుండానే ‘20’ అని రాసేస్తాం. దయచేసి నిమిషం పాటు లెక్కపెట్టండి. రోగి దిగజారబోతున్నాడని తరచుగా ముందు చెప్పేది అదే.

కాలేజీ లేదా ఆస్పత్రి ఎంచుకునే ముందు ఏం చూడాలి?

భవనం చూడకండి. అక్కడ చదువుతున్న రెండో సంవత్సరం అమ్మాయిని క్యాంటీన్‌లో పట్టుకుని అడగండి. మీ ప్రిసెప్టర్ (పక్కనుండి నేర్పే సీనియర్) ఎవరు, నైట్‌లో ఉంటారా? లాగ్‌బుక్‌లో రాసిన ప్రొసీజర్లు నిజంగా మీ చేత్తో చేశారా, చూసి సంతకం పెట్టించుకున్నారా? సిబ్బంది తక్కువైనప్పుడు మిమ్మల్ని వార్డుకు పంపిస్తారా? చివరి ప్రశ్న ముఖ్యం. విద్యార్థుల పేరుతో చేర్చుకుని మామూలు డ్యూటీల్లో ఖాళీలు పూరించే చోట రెండేళ్లు గడిచిపోతాయి, చదువు మాత్రం ఒంటబట్టదు. రెసిడెన్సీ కాబట్టి స్టైపెండ్ ఎంత, ఏ తేదీకి ఇస్తారు అని కూడా కాగితం మీద చూసుకోండి. అడగడానికి మొహమాటం వద్దు.

పెళ్లయింది, చిన్నపాప ఉంది. నైట్ డ్యూటీలతో చదవగలనా?

చదివినవాళ్లు ఉన్నారు. కానీ ‘మనసుంటే మార్గముంటుంది’ అని చెప్పి మిమ్మల్ని పంపించలేను. పాపను రాత్రి ఎవరు చూస్తారు అన్నది ముందే తేలాలి. అమ్మో అత్తమ్మో ఒప్పుకోవాలి, భర్త ఒప్పుకోవడమే కాదు, పాలు కలపడం కూడా నేర్చుకోవాలి. ఇల్లు ఆస్పత్రికి దగ్గరగా మార్చుకోండి. ఎల్బీ నగర్ నుంచి గచ్చిబౌలికి రోజూ తిరుగుతూ ఈ చదువు చదవడం ఒంటికి మంచిది కాదు. పాపకు ఇంకో ఏడాది వచ్చాక చేరినా మునిగిపోయేదేమీ లేదు.

ఈ కోర్సు చేస్తే అమెరికాలో నేరుగా ఎమర్జెన్సీ నర్స్ ప్రాక్టీషనర్ కావచ్చా?

నేరుగా కాలేరు. అక్కడ ముందు ఎన్‌క్లెక్స్ అనే లైసెన్సు పరీక్ష రాసి రిజిస్టర్డ్ నర్సు కావాలి. తర్వాత అక్కడి పీజీ చేసి ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్ సర్టిఫికేషన్ తెచ్చుకోవాలి. దాని మీద ఎమర్జెన్సీ సర్టిఫికేషన్, ఆ పరీక్ష 2017లో మొదలైంది. కొందరు పీజీ తర్వాత ఏడాది, ఏడాదిన్నర ఎమర్జెన్సీ ఫెలోషిప్ కూడా చేస్తారు. ఇక్కడ చదివింది చేతి పనిగా పనికొస్తుంది, లైసెన్సుగా కాదు. ఏజెంట్ ఇంకోలా చెబితే రాసివ్వమనండి.

రోగి చనిపోతే తట్టుకోగలనా అని టెన్షన్‌గా ఉంది.

మొదటిసారి తట్టుకోలేరు. నేను డ్రెస్సింగ్ రూమ్‌లో తలుపేసుకుని ఏడ్చాను. స్కూలు యూనిఫాంలో వచ్చిన పాప. ఇప్పటికీ ఆ టై రంగు గుర్తుంది. అప్పటి మా ఇన్‌చార్జి సిస్టర్ వచ్చి ఓదార్పు మాటలేమీ చెప్పలేదు. టీ ఇచ్చి, “ఏం చేశామో మొదటి నుంచి చెప్పు” అన్నారు. నిమిషం నిమిషం చెప్పాను. అందులో మేం వదిలేసింది ఏదీ లేదని నాకే అర్థమయ్యింది. ఇప్పుడు మా దగ్గర ప్రతి మరణం తర్వాత పది నిమిషాలు అందరం కూర్చుని అలాగే చెప్పుకుంటాం, డాక్టర్, నర్సు, వార్డుబాయ్, అందరూ. మీరు చేరబోయే చోట ఇది ఉందో లేదో అడగండి. లేకపోతే మీరే మొదలుపెట్టవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. నిద్ర పట్టకపోవడం, డ్యూటీ అంటేనే చేతులు వణకడం రెండు వారాలు దాటితే మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లండి.

దరఖాస్తుకు ఇంకా ఆరు నెలలుంది. ఇప్పటి నుంచి ఏం చేయాలి?

చిన్న నోట్‌బుక్ కొనండి, యాప్రాన్ జేబులో పట్టేది. ప్రతి డ్యూటీలో ఒక్క రోగి గురించి మూడు ముక్కలు రాయండి: చూడగానే నేను ఏమనుకున్నాను, చివరికి ఏం తేలింది, నేను ఏం గమనించలేదు. పేర్లు, ఐపీ నంబర్లు రాయకండి. రోజుకో ఈసీజీ ముందు మీరు చదివి, తర్వాత డాక్టర్ రాసింది చూడండి. రిజిస్ట్రేషన్ రెన్యువల్ అయ్యిందో లేదో చూసుకోండి, అనుభవ ధ్రువపత్రం ఇప్పుడే అడిగి పెట్టుకోండి. ఆఫీసులో ఆ కాగితం మీద సంతకం పడటానికి ఒక్కోసారి నెల పడుతుంది.